కొక్కెం పక్కన చుక్కలు

నేను మనుషుల్ని ఫొటో తీయను. తీస్తే గొడవే. కళ్ళు మూసుకున్నప్పుడు నొక్కావని ఒకరు, లావుగా పడ్డానని ఇంకొకరు, తోడికోడల్ని మధ్యలో నిలబెట్టి నన్ను చివరికి తోశావని మా ఆడపడుచు. అందరికీ సమాధానం చెప్పే ఓపిక నాకుంది, వినే ఓపికే వాళ్ళకి లేదు. అందుకని పాత రాతి మిల్లుల లోపలి భాగాలు తీస్తాను. జిల్లా మొత్తం మీద నాతో వాదన పెట్టుకోనివి ఆ గోడలేనని మావారు అంటారు. ఆయన అనేవన్నీ తప్పులు కావు.

కాలవ గట్ల వెంబడి ఇలాంటి మిల్లులు ఇంకా కొన్ని మిగిలాయి. ధాన్యం పడవల మీద వచ్చి, బియ్యం పడవల మీదే వెళ్ళిన కాలంలో కట్టినవి. రాయి కూడా ధవళేశ్వరం కొండ నుంచి పడవల మీదే వచ్చిందంటారు. మూరన్నర మందం గోడలు, చేతికందని ఎత్తులో చిన్న చిన్న వెంటిలేటర్లు. బయట నిలబడి చూస్తే గోదామో జైలో తేల్చుకోలేం. లోపలికి వెళితే మాత్రం నాకు గొంతు దానంతటదే తగ్గుతుంది. పెంకులు జారిపోయిన చోటల్లా ఎండ దిగి నేల మీద గుండ్రటి బిళ్ళలై పడి ఉంటుంది. సాలెగూళ్ళు తవుడు దుమ్ము పట్టి, బరువెక్కి, చిరిగిన గోనెపట్టాల్లా వేలాడుతుంటాయి. మిల్లు ఆగి ఏళ్ళు గడిచినా ఆ తవుడు వాసన పోదు. కెమెరాని స్టాండు మీద బిగించి, షట్టరు చాలాసేపు తెరిచి ఉంచితే, కంటికి చీకటిగా కనిపించిన మూలలు కూడా నెమ్మదిగా ఫొటోలోకి వస్తాయి. స్కూల్లో రోజంతా పిల్లలకి సైన్సు చెప్పి, స్టాఫ్ రూమ్‌లో పెద్దవాళ్ళకి న్యాయం చెప్పి వచ్చే నాకు ఆ కాసేపు మాట్లాడకుండా నిలబడటం బాగుంటుంది.

మా అత్తగారికి ఈ ఫొటోలు మొదటి నుంచీ నచ్చలేదు. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి, నోటికి మాత్రం ఇంకా పాతిక దాటలేదు. భీమవరంలో మా ఇంట్లోనే ఉంటారు. నా లాప్‌టాప్ దగ్గరికి కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటీ చూసి తీర్పు చెబుతారు.

"ఇందులో మనుషులేరే?"

"లేరు అత్తయ్యా. ఉండకూడదు."

"మనుషులు లేకపోతే అదేం ఫొటో? దొంగలు పడ్డాక పోలీసోళ్ళు తీసుకున్నట్టుంది."

"వెలుతురు చూడండి. ఆ మూల ఎలా పడిందో."

"వెలుతురు మనింట్లో పడట్లేదా? దానికి పెట్రోలు పోసుకుని అంత దూరం వెళ్ళాలా?"

ఇలా సాగేది. నేను ఒకటంటే ఆవిడ రెండనేవారు. మా ఇద్దరి మధ్య నలిగిపోయేది తనేనని మావారు అనుకుంటారు. నిజానికి ఆయన లేనప్పుడు కూడా మేం ఇలాగే ఉంటాం, మాకు ఇదే కాలక్షేపం.

ఒకరోజు మావారు ఆఫీసు నుంచి వస్తూనే, తణుకు అవతల కాలవ గట్టున ఉన్న పాత బియ్యం మిల్లుని పడగొట్టి ఫంక్షన్ హాలు కడుతున్నారని చెప్పారు. అది మా అత్తగారి ఊరి మిల్లు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ అందులోనే బియ్యం చెరిగే పనికి వెళ్ళేవారు. మా మామగారు అక్కడే ఇంజను డ్రైవరు. ఆ మాట వినేసరికి రొయ్యలు ఒలుస్తున్న ఆవిడ చేతులు ఆగాయి. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడ స్వభావం కాదు కనక నేను చూస్తూ ఉన్నాను. రొయ్యలన్నీ అయిపోయి, చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని కడుక్కున్నాక వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నాకొక ఫొటో తీసి పెట్టాలి."

"మీదా?"

"నాదెందుకు? మిల్లు లోపల ఒక కొక్కెం ఉంటది. దానిది."

మావారి కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పారు. అంతకు మించి ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ రోజు ఆవిడే ఎత్తారు, స్టవ్ మీద చారు మరుగుతుండగా, నా వైపు కాకుండా ఆ గిన్నె వైపు చూస్తూ.

"ఇంజను గది పక్క గోడకి ఇనప కొక్కేలుంటాయి. ఎప్పుడో బెల్టులకి పెట్టినవి. పిల్లతల్లులం వాటికి చీరలు కట్టి ఉయ్యాలలేసేవాళ్ళం. ఇంజను మోత ఉన్నంతసేపూ ఒక్క పిల్లా లేచేది కాదు. ఇంజను ఆగిందా, అన్నీ ఒక్కసారే ఏడుపు లంకించుకునేయి. మేం చేటలు పడేసి పరిగెత్తేవాళ్ళం."

ఆ వేడికి పిల్లల బుగ్గన పెట్టిన కాటుక చుక్క చెమటకి కారిపోయేదట. అందుకని ఇంజనుకి పూసే గ్రీజు బొటనవేలితో తీసి, కొక్కెం పక్కన రాతి మీద దిష్టిచుక్క పెట్టేవారట. పిల్లకి నెల నిండినప్పుడల్లా ఒకటి. మిల్లులో పనిచేసే తల్లులందరికీ అదే అలవాటు.

"పాస్టరు గారు ఏమీ అనేవారు కాదా?" అన్నాను. మాది తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం, దిష్టి మాటెత్తితే ఇప్పటికీ ఆదివారం ప్రసంగంలో అక్షింతలు పడతాయి.

"పాస్టరు గారు మిల్లులోకొచ్చి చూశారా ఏంటి?" అన్నారు.

తర్వాత గొంతు మారింది. "దానికి ఏడాది నిండలేదు. జొరం వచ్చింది, పోయింది. పుట్టినరోజుకి తణుకు తీసుకెళ్ళి స్టూడియోలో ఫొటో తీయిద్దామనుకున్నాం. సమాధా, మట్టిదే. వరదొచ్చి ఆ వరసకి వరస కలిసిపోయింది. దాని ఆనవాలు ఎక్కడైనా ఉందంటే ఆ గోడ మీదే. దాని తర్వాత ఆ కొక్కేనికి ఎవరూ ఉయ్యాల కట్టలేదు. మిగతా వాటి పక్కన చుక్కలు జల్లెడలా ఉంటాయి. దాని పక్కన కొన్నే. చూడగానే తెలిసిపోద్ది."

చారు పొంగింది. ఇద్దరం దాని మీద పడ్డాం.

మర్నాడు స్కూలు అయ్యాక ఒక్కదాన్నే స్కూటీ మీద వెళ్ళాను. మిల్లు చూసుకునే గుమస్తా గారు చాలా మర్యాదస్తుడు. కుర్చీ తుడిచి వేసి, కొబ్బరి బోండం కొట్టించి, అప్పుడు తాళం తీశారు. అప్పటికే పొద్దు వాలింది, లోపల కరెంటు ఎప్పుడో తీసేశారు. ఫోను టార్చి వెలుగులో గోడ చూశాను. మసి, తవుడు జిడ్డు, వాటి మధ్య కొక్కేలు వరసగా ఉన్నాయి. ఒకదాని పక్కన నల్లటి చుక్కలు కనిపించాయి, గుంపులు గుంపులుగా. చెయ్యి పెట్టి చూశాను, రాయి నున్నగా తగిలింది. అన్నీ వెతకడానికి వెలుతురు చాల్లేదు. తూర్పు వెంటిలేటర్ల నుంచి పొద్దుటెండ నేరుగా ఆ గోడ మీదకే వస్తుందని లెక్క కట్టుకున్నాను. ఫొటో ఆ వెలుతురులోనే తీయాలి, పైగా కొక్కెం చూపించాల్సింది ఆవిడే.

"శనివారం పొద్దున్న మా అత్తగారిని తీసుకొస్తానండి. ఈ గోడ ఫొటో తీసుకోవాలి," అన్నాను.

"అయ్యో, అంతకన్నానా అండి. మామ్మగారు ఇక్కడ పనిచేసేరా? ఈ గోడేనా అండి? ఇదేనా?" అని రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నారు. ఎంత శ్రద్ధ అనుకున్నాను.

శనివారం మావారు కారు తీశారు. మా అత్తగారు చర్చికి కట్టుకునే గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా మాట్లాడలేదు, ఒక్క తణుకు వంతెన దగ్గర మాత్రం "నెమ్మదిగా పోనీరా" అన్నారు. ఆ బండి ఎప్పుడూ నెమ్మదిగానే పోతుంది.

గుమస్తా గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. మొహం వెలిగిపోతోంది. "రండి మామ్మగారూ, జాగ్రత్తండి, గడపండి," అంటూ దారి చూపించి, తలుపు బార్లా తీశారు.

గోడ తెల్లగా ఉంది.

ఈ చివర నుంచి ఆ చివరి దాకా సున్నం. నీలిమందు కూడా కలిపారు కాబోలు, పండగ పూట చాకింటి నుంచి వచ్చిన పంచెలా మెరుస్తోంది. కొక్కేలకి కూడా కొట్టేశారు. ఎండ నేను లెక్క కట్టిన చోటే, లెక్క కట్టినట్టే పడి, కళ్ళు తెరవనివ్వడం లేదు.

"ఎవరు చేశారండీ ఈ పని?" అన్నాను.

"మేమేనండి," అన్నారు గుమస్తా గారు, మెచ్చుకోలు కోసం చూస్తూ. "రెండు పూతలండి."

"ఎందుకండీ? ఎందుకు? పడగొట్టేసే గోడకి సున్నమేంటండీ? బుద్ధున్నవాడెవడైనా..."

"ఫొటో తీస్తానన్నారు కదండీ," అన్నారాయన, మొహంలో వెలుగు ఆరిపోతూ. "పెద్దావిడ వస్తున్నారు, ఫొటో తీసుకుంటారంటే మాసిన గోడ ఎలా చూపిస్తామండీ? మాకు మర్యాద ఉండొద్దా?"

నేను ఊరుకోలేదు. ఆ మసి ఏంటో, ఆ జిడ్డు ఏంటో, నాకు కావలసింది ఏంటో, ఆయన చేసింది ఏంటో వరసగా అప్పజెప్పాను. ఆ రాతి గోడల్లో నా గొంతు మొదటిసారి మోగింది. ఆయన కూడా తగ్గలేదు. ముందే చెప్పాలి కదండీ, జిడ్డు ఫొటో తీసుకుంటారని మాకేమైనా కల వస్తుందా అండీ, మా ఇంటికి పెళ్ళివారొస్తే సున్నం కొట్టమా అండీ. అంత కోపంలోనూ ఒక్క 'అండీ' కూడా వదల్లేదు. మావారు మా ఇద్దరి మధ్యకి వచ్చి ఎవరి వైపు తిరగాలో తెలియక కొక్కేల వైపు చూస్తూ నిలబడ్డారు.

మా అత్తగారు ఎవరి మాటా వినడం లేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఒక కొక్కెం పక్కన అరచెయ్యి పెట్టారు. తర్వాత ఇంకోదాని పక్కన. చెయ్యి తెల్లబడింది. కొంగుతో తుడుచుకోకుండా దాన్ని అలాగే పట్టుకుని మా వైపు తిరిగారు.

"ఏదో తెలీట్లేదురా," అన్నారు, కొడుకుతో.

ఆ మాటకి ముందు కదిలింది గుమస్తా గారే. "కడిగేస్తానండీ అయితే! మేం కొట్టిన సున్నమే కదా, మేమే కడిగేస్తాం!" అని, రోషంగా బయటికి వెళ్ళి, సున్నం కలిపిన బకెట్టుతోనే కాలవ నీళ్ళు తెచ్చి, నేను ఆగమనే లోపు గోడ మీదకి విసిరికొట్టారు. సగం నీళ్ళు మావారి ప్యాంటు మీద పడ్డాయి.

సున్నం పోలేదు. కానీ తడిసిన మేర తెలుపు పలచబడింది. దాని వెనక నుంచి, కొక్కెం చుట్టూ, నల్లటి చుక్కలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి, డెవలప్ అవుతున్న ఫొటోలా. చాలా చుక్కలు. ఎవరెవరి పిల్లలవో.

"ఆగండి," అన్నాను, ఎవరూ ఏమీ చేయకుండానే.

చూస్తుండగానే తడి ఆరడం మొదలైంది. ఎండ నేరుగా ఉంది కదా. తెలుపు మళ్ళీ చిక్కబడి చుక్కల్ని మింగేసింది.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. గుమస్తా గారు నీళ్ళు మోశారు, మావారు ప్యాంటు మడిచి తుండుగుడ్డ తడిపి ఇచ్చారు, మా అత్తగారు కొక్కెం తర్వాత కొక్కెం పక్కన గుడ్డ అద్దుకుంటూ పోయారు. తడిపినప్పుడల్లా గుంపుగా చుక్కలు లేచేవి. "కాదు," అనేవారు. ఇంకోటి. "కాదు, ఇది జల్లెడ." గుమస్తా గారు కూడా ఊపిరి బిగబట్టి "ఇదాండి? ఇది కాదాండి?" అంటున్నారు. ఆయన మీద నాకింకా కోపం ఉందో లేదో చూసుకునే తీరిక లేకపోయింది.

వరసలో చివరి నుంచి రెండోదాని పక్కన గుడ్డ అద్దినప్పుడు, రాయి ఖాళీగా కనిపించింది. ఆవిడ ఇంకొంచెం కిందకి అద్దారు. వంకరగా ఒక వరస. కొన్నే చుక్కలు. ఆ తర్వాత వట్టి రాయి.

మా అత్తగారు గుడ్డ తీయలేదు.

"ఇదే," అన్నారు.

కాసేపటికి, మొదటి చుక్క మీద వేలు పెట్టి, "చూడు, ఇదొక్కటీ ఎంత పెద్దగా ఉందో. ఇది మీ మామగారు పెట్టింది. ఇంజను వదిలేసి వచ్చాడు. మేస్త్రీ కేకలేస్తున్నా వినిపించుకోలేదు. ఆడవాళ్ళందరూ ఒకటే నవ్వు," అన్నారు.

మావారు ఆ చుక్క దగ్గరికి వచ్చి చూసి, బయటికి వెళ్ళిపోయారు. కారు డిక్కీ తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. తీసుకోవాల్సింది ఏమీ లేదు అందులో.

స్టాండు బిగించాను. నా పద్ధతి నాకుంది, ఇలాంటివి నలుపు తెలుపుల్లో తీస్తాను. కెమెరా వెనక తెర మీద ఒకటి తీసి చూపిస్తే ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"రంగుల్లో తియ్యి. నలుపు తెలుపైతే పోయినోళ్ళ ఫొటోలా ఉంటది."

పోయిన పిల్లే కదా అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఎవరితోనైనా అనేసేదాన్ని. మాట్లాడకుండా రంగుల్లోకి మార్చాను.

చిక్కేమిటంటే, వెతకడంలో ఎండ పక్కకి జరిగిపోయింది, షట్టరు చాలాసేపు తెరవాలి, అంతసేపు తడి నిలవడం లేదు. ఆవిడే ఒక పక్క నిలబడి గుడ్డతో అద్దుతూ ఉండాలి. చెయ్యి ఫొటోలో పడకూడదని చెప్పాను, పడదన్నారు. పడింది. చాలా తీశాను. చుక్కలు తేటగా వచ్చిన దాంట్లో చెయ్యి ఉంది, చెయ్యి లేని వాటిలో చుక్కలు మసకబారిపోయాయి. చివరికి తేటగా వచ్చినదే ఉంచాం. నీలం తెలుపు గోడ, సున్నం కారిన కొక్కెం, తడి మచ్చ మధ్య ఆ వంకర వరస, ఎడమ పక్కన ఆవిడ చెయ్యి కదిలిపోయి పొగలా.

వచ్చేటప్పుడు గుమస్తా గారికి చెయ్యెత్తి నమస్కారం పెట్టాను. ఆయన "ఏమనుకోకండి మేడం గారూ" అన్నారు. "మీరూ ఏమనుకోకండి," అన్నాను. మా అత్తగారు మాత్రం, "సున్నం బాగా కొట్టించేవయ్యా, ఎక్కడా చారలు లేవు," అన్నారు. ఆయన మొహం మళ్ళీ వెలిగింది.

ఫ్రేము కట్టించడానికి ఇస్తే, షాపతను సాయంత్రం ఫోను చేశాడు. "మేడం, ఫైలు తప్పు పంపినట్టున్నారండి. ఇందులో గోడే ఉంది. ఎవరూ లేరు." ఉన్నారు, అదే కట్టమన్నాను. చెయ్యి పడింది, కట్ చేసెయ్యమంటారా అన్నాడు. వద్దన్నాను.

ఫొటో హాల్లో పెట్టమన్నారు మా అత్తగారు, మావారిదీ మా ఆడపడుచులదీ చిన్నప్పటి ఫొటోలున్న గోడకే, వాటికి ముందు. పెద్దది ముందుండాలి కదా అన్నారు. మేకు నేనే కొట్టాను. రెండుసార్లు వంకరగా ఉందన్నారు. లేదని నేను వాదించాను. ఉంది, సరిచేశాను.

ఆ గురువారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. పాస్టరమ్మ గారు బైబిలు తెరుస్తూ ఫొటో వైపు చూసి, "ఇదేంటండీ, గోడా?" అని అడిగారు.

"మా పెద్దమ్మాయి," అన్నారు మా అత్తగారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఒక్కావిడ మాత్రం కర్ర పట్టుకుని లేచింది. మా అత్తగారి ఊరావిడే, ఆ మిల్లులోనే పక్కన కూర్చుని చెరిగిన మనిషి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఫొటో దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"కొక్కేలు కదటే ఇవి! మా వాడిది దీని పక్కదే. అది పడలేదేం?"

"మీ కోడలు చేత తీయించుకో. నా కోడలు నాకు తీసింది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఇంకా చూస్తూనే ఉంది. "నేనూ దీనికి కట్టలేదే," అంది నెమ్మదిగా. "పక్కది దొరకని రోజున ఇది ఖాళీగా ఉన్నా సరే, మా వాణ్ణి ఒళ్ళో పెట్టుకునే చెరిగేదాన్ని. భయమేసి."

నేను మా అత్తగారి మొహం చూశాను.

"నువ్వే ఏంటి," అన్నారు ఆవిడ. "మా అబ్బాయి పుట్టాక నేనూ దీనికి కట్టలేదు. అటు చివరికెళ్ళి కట్టుకున్నాను." తర్వాత పక్కకి జరిగి సోఫాలో చోటిచ్చారు. "కూచోవే, కాళ్ళు నొప్పెడతాయి. దాని ఏడుపు ఎలా ఉండేదో నీకు గుర్తుందా?"

"గుర్తు లేకపోడమేంటి? ఇంజను ఆగీ ఆగకుండానే అదే ముందు. దాన్ని చూసి మిగతా అన్నీ."

"అదే ముందు," అన్నారు మా అత్తగారు, అందరి వైపూ తిరిగి, గొప్పగా. "మా ఆయన నవ్వేవాడు, ఇంజను ఆపింది నేను కాదు, అదే ఆపింది అని."

ఇద్దరూ మొదలెట్టారు. ఎవరి పిల్ల ఎలా లేచేదో, ఎవరి చీర ఉయ్యాల చిరిగి పిల్లాడు ఊక మీద పడి నవ్వాడో, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, ఒకరిది తప్పని ఒకరు దిద్దుకుంటూ. పాస్టరమ్మ గారు కాసేపు చూసి, చూపుడువేలు పేజీలో ఉంచి బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను టీకి నీళ్ళు పెట్టడానికి లేచాను. వంటింట్లోకి వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి, పొయ్యి వెలిగించకుండా గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను.